వెండి రూపాయి మీది మసక ఎవరి పని?

మా భిలాయ్ సెక్టర్ 2లో తెలుగువాళ్ళ ఇళ్ళు చాలానే ఉన్నాయి. ఉక్కు కర్మాగారంలో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు, మనవలు. ఇలాంటి ఇళ్ళల్లో బంగారం ఉన్నా లేకపోయినా, గుడ్డలో మూటగట్టిన నాలుగు పాత వెండి రూపాయలు ఉండడం మామూలే. ఏడాదికి ఒకటి రెండుసార్లు, వరలక్ష్మీ వ్రతానికో దీపావళికో, అవి బయటికి వస్తాయి. ఒకటి నల్లబడి ఉంటుంది. ఇంకొకటి పాలు చల్లినట్టు మసకగా ఉంటుంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టిన మూడోది ఆకుపచ్చగా, జిగటగా ఉంటుంది.

అప్పుడు రెండు మాటలు వినిపిస్తాయి. "దిష్టి తగిలింది, ఇంటికి ఏదో దోషం ఉంది" అనేది మొదటిది. "చింతపండు, విభూతి తీసుకురా, తోమేద్దాం" అనేది రెండోది. మొదటి మాటని చూసి హేతువాదులు నవ్వుతారు. రెండో మాటని చూసి ఎవరూ నవ్వరు, అది ఇంటిపని కదా! నా ఉద్దేశంలో రెండింటిలోనూ ఉన్న లోపం ఒకటే. నాణెం మీద ఉన్నది ఏమిటి, అది ఎక్కడి నుంచి వచ్చింది అనే ప్రశ్న ఇద్దరూ వెయ్యలేదు. ఒకరు ప్రశ్న లేకుండా నిందిస్తున్నారు, ఇంకొకరు ప్రశ్న లేకుండా గీకుతున్నారు. దిష్టి తీసినందువల్ల నాణేనికి ఏమీ కాదు. తోమినందువల్ల మాత్రం అవుతుంది. అలా పోయినది మళ్ళీ రాదు.

పోయేది ఏమిటో తెలియాలంటే ముందు ఆ రూపాయి చరిత్ర తెలియాలి.

ఈస్టిండియా కంపెనీ 1835లో తన పాలనలో ఉన్న ప్రాంతాలన్నిటికీ ఒకే రకం రూపాయిని తెచ్చింది. బరువు 180 గ్రెయిన్లు, అంటే సుమారు 11.66 గ్రాములు. పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి, మిగిలిన ఒక పాలు కలిపిన లోహం, ముఖ్యంగా రాగి. విలియం, విక్టోరియా, ఎడ్వర్డ్, జార్జి ఇలా బొమ్మలు మారాయి గానీ ఆ బరువు, ఆ మచ్చు 1939 దాకా మారలేదు. అందుకే రూపాయి డబ్బు మాత్రమే కాలేదు, తూకపురాయి కూడా అయింది. ఒక రూపాయి బరువే ఒక తులం. ఉత్తరాదిన 80 తులాలు ఒక సేరు, మద్రాసు రాజధానిలో 120 తులాలు ఒక వీశె. మన అమ్మమ్మల నోట తులం, వీశె అనే మాటలు వచ్చినప్పుడల్లా వాటి వెనక ఈ రూపాయి ఉంది.

తూకంతో విలువ కట్టే నాణెం అరిగితే ఎలా? ప్రభుత్వానికీ ఆ చింత ఉండేది. 1906 నాటి ఇండియన్ కాయినేజ్ చట్టం ప్రకారం రూపాయి తన ప్రమాణ బరువులో నూటికి రెండు పాళ్ళ కన్నా ఎక్కువ కోల్పోతే చెల్లుబాటు కాదు. 180 గ్రెయిన్లలో నూటికి రెండు పాళ్ళంటే 3.6 గ్రెయిన్లు, పావు గ్రాము కన్నా కొంచెం తక్కువ. అంత తేడా కోసం షరాబులు నాణేన్ని వేలి మీద మోగించి, త్రాసులో వేసి చూసేవాళ్ళు. రూపాయిని తోమడమంటే ఆ రోజుల్లో డబ్బుని తోమి పారబోయడమే.

1940లో రెండో ప్రపంచయుద్ధం మధ్యలో వెండి తగ్గించారు. కొత్త రూపాయిలో వెండి సగమే. మిగిలిన సగంలో 40 పాళ్ళు రాగి, నికెల్, జింకు చెరి 5 పాళ్ళు. పాత రూపాయల్ని 1941 నుంచి 1943 దాకా విడతలు విడతలుగా చలామణీ నుంచి తప్పించారు, ముందు విక్టోరియావి, తర్వాత ఎడ్వర్డ్‌వి, చివరికి జార్జిలవి. 1947లో రూపాయి పూర్తిగా నికెల్‌ది అయిపోయింది. భిలాయ్ కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955లో జరిగింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించింది 1959 ఫిబ్రవరి 4న. అంటే ఆ రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి రైలెక్కి ఇక్కడికి వచ్చినవాళ్ళు మూటలో తెచ్చుకున్న విక్టోరియా రూపాయి అప్పటికే చెల్లని రూపాయి. అంగట్లో పనికిరాకపోయినా తెచ్చుకున్నారంటే అది వాళ్ళకి వెండి, జ్ఞాపకం. మనకి ఇంకొకటి కూడా, సాక్ష్యం.

సాక్ష్యం అనే మాట ఊరికే వాడలేదు. ఒక ఉదాహరణ చెప్తాను. 1862 అని ముద్రించి ఉన్న విక్టోరియా రూపాయలు 1862లోనే తయారైనవి అనుకుంటాం. కానీ ఆ తర్వాత పుష్కరం పాటు తయారైన రూపాయల మీద కూడా 1862 అనే వేశారు. బొంబాయి టంకశాల రూపాయల్లో ఏది ఏ ఏడాదిదో నాణేల పరిశోధకులు గుర్తించేది వెనకవైపు తేదీ దగ్గర, పూల తీగ దగ్గర ఉండే సన్నని చుక్కలని లెక్కపెట్టి. ఆవగింజలో సగం కూడా ఉండని చుక్కలవి. విభూతి పెట్టి ఏటేటా తోమితే ముందు పోయేది అవే. చుక్క పోతే ఆ రూపాయి వయసు పోయినట్టే.

ఇంకో ఉదాహరణ 1911 రూపాయి. అయిదో జార్జి మెడలోని హారం మీద ఏనుగు బొమ్మ ఉంటుంది. 1911 నాణెంలో తొండం పొట్టిగా చెక్కడంతో అది పందిలా ఉందని పుకారు పుట్టింది, ముస్లింలలో నిరసన వచ్చింది. ప్రభుత్వం ఆ నాణేల పంపిణీ ఆపి, ఏనుగుని సరిగ్గా చెక్కించి 1912లో మళ్ళీ విడుదల చేసింది. ఒక పుకారు ప్రభుత్వం చేత అచ్చుని మార్పించిందని చెప్పే చరిత్ర అది. ఆ చరిత్రంతా మిల్లీమీటర్ల పొడవున్న ఒక తొండంలో ఉంది. దాన్ని తోమేస్తే ఏనుగూ ఉండదు, పందీ ఉండదు.

నాణెం బరువులో ఎంత చరిత్ర ఉంటుందో చూపించినవాడు దామోదర్ ధర్మానంద్ కోశాంబి. వృత్తిరీత్యా గణిత శాస్త్రజ్ఞుడు. పుణెలో పాఠాలు చెప్పుకుంటున్న రోజుల్లో, 1940ల మొదట్లో, తక్షశిలలో దొరికిన విద్ధాంక నాణేల మీద పనిచేశాడు. విద్ధాంక నాణేలంటే చిన్న వెండి ముక్కల మీద విడివిడి ముద్రలు కొట్టినవి. వాటి మీద రాజు పేరు ఉండదు, సంవత్సరం ఉండదు. మరి ఏది ముందుదో ఏది తర్వాతదో ఎలా చెప్పాలి? కోశాంబి అడిగిన ప్రశ్న తేలికగానే ఉంటుంది. నాణెం చేతులు మారేకొద్దీ అరుగుతుంది, అరిగితే బరువు తగ్గుతుంది. ఒకే కాలంలో తయారైన నాణేల సగటు బరువు ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతుంది, వాటి మధ్య తేడాలు పెరుగుతాయి. దీన్ని తన కాలంలో చలామణీలో ఉన్న నాణేలని కూడా తూచి సరిచూసుకున్నాడు. తర్వాత తక్షశిల నాణేల్లో వెనకవైపు ముద్రలు ఎక్కువ ఉన్నకొద్దీ సగటు బరువు తగ్గుతోందని చూపించాడు. అంటే ఆ వెనక ముద్రలు అలంకారం కాదు, ఎప్పటికప్పుడు నాణేన్ని పరీక్షించి వేసిన గుర్తులు. రెండు వేల ఏళ్ళ కిందటి షరాబుల లెక్క అలా బయటపడింది.

మన దగ్గర అమరావతిలో కూడా ఇలాంటి వెండి విద్ధాంక నాణేల పెద్ద రాశి దొరికింది, ఏడు వేలకి పైగా. పరమేశ్వరీలాల్ గుప్తా వాటిని పరిశీలించి రాసిన గ్రంథాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1963లో ప్రచురించింది. ఆలోచించండి, ఆ రాశి దొరికిన రోజున ఎవరో పుణ్యాత్ముడు నాణేలన్నిటినీ చింతపండు నీళ్ళల్లో వేసి తళతళలాడేలా తోమి ఉంటే? ముద్రలు మాసేవి, బరువులు మారేవి, కోశాంబి పద్ధతిలో చెయ్యదగిన లెక్క మిగిలేది కాదు. రాజు చేత అబద్ధం రాయించవచ్చు, పురోహితుడి చేత పురాణం చెప్పించవచ్చు. నాణెం అరుగుదల చేత అబద్ధం చెప్పించడం కష్టం. మన చేత్తో మనమే దాన్ని అరగదీస్తే తప్ప.

ఇప్పుడు ఆ నలుపు, ఆ మసక సంగతి చూద్దాం. రెండూ ఒకటి కావు. ఈ తేడా తెలియకపోవడమే అసలు ఇబ్బంది.

నలుపు వెండి సల్ఫైడ్. గాలిలో ఉన్న గంధకపు వాయువులు, ముఖ్యంగా హైడ్రోజన్ సల్ఫైడ్, వెండితో కలిసి ఏర్పడే పొర. మొదట లేత పసుపు, తర్వాత గోధుమ, ఊదా, నీలం, చివరికి నలుపు. రంగులు మారేది పొర మందం మారడం వల్ల, నీళ్ళ మీద నూనె చుక్క రంగులు చూపించినట్టే. ఆ గంధకం ఎక్కడి నుంచి వస్తుంది? వంటింట్లో ఉల్లిపాయ, కోడిగుడ్డు. వంట గ్యాస్ లీకైతే తెలియడానికి కలిపే ఇథైల్ మెర్కాప్టన్. రబ్బరు బ్యాండు, ఉన్నిగుడ్డ, చవకరకం అట్టపెట్టె. ఉక్కు ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఇంకో పేరు కూడా తెలుసు, కోక్ ఓవెన్ గ్యాస్. బొగ్గులోని గంధకం కోక్ చేసేటప్పుడు ఎక్కువగా హైడ్రోజన్ సల్ఫైడ్‌గా ఆ గ్యాస్‌లోకి వస్తుంది. ఇక దీపావళి టపాకాయల మందులో గంధకం ఉండనే ఉంది. లక్ష్మీపూజ పేరుతో సరిగ్గా ఆ రాత్రే వెండి రూపాయలని మూటలోంచి తీసి బయట పెడతాం! తెల్లారాక నల్లబడితే లక్ష్మి అలిగిందంటాం.

నమ్మని వాళ్ళు పరీక్షించుకోవచ్చు. విరిగిన పాత పట్టీ ముక్క ఒకటి తీసుకోండి, దాచుకున్న నాణేన్ని మాత్రం వాడకండి. బాగా ఉడికిన కోడిగుడ్డుని నలిపి, ఆ ముక్కతో పాటు మూతపెట్టిన డబ్బాలో గంటసేపు ఉంచండి. ముక్క పసుపుపచ్చగా, ఇంకాసేపు ఉంచితే గోధుమరంగుగా మారుతుంది. అక్కడ ఏ దిష్టీ లేదు, శనీ లేదు. ఉన్నది గుడ్డులోని గంధకం. "విషం కలిస్తే వెండి కంచం నల్లబడుతుంది" అనే రాజుల కాలపు నమ్మకం కూడా ఇక్కడే తేలిపోతుంది. పాషాణం అని పిలిచే తెల్లని ఆర్సెనిక్ ఆక్సైడ్ వెండిని నల్లబరచదు. అందులో గంధకం మలినంగా కలిసి ఉంటే ఆ గంధకం నల్లబరుస్తుంది. వెండి కంచాన్ని నమ్ముకున్న రాజు గుడ్డుని చూసి భయపడి, శుద్ధమైన పాషాణాన్ని తృప్తిగా తినేవాడన్నమాట.

ఇది నవ్వుకుని వదిలేసే విషయంలా కనిపిస్తుంది. కానీ "దీనికి ఎవరి కన్ను తగిలింది?" అనే ప్రశ్న ఒకసారి మొదలైతే అది నాణెం దగ్గర ఆగదు. కోడలి పాదం దాకా, పక్కింటి వితంతువు దాకా పోతుంది. మంత్రగత్తె అనే ముద్ర వేసి ఆడవాళ్ళని హింసించడాన్ని ఆపడానికి 2005లో ప్రత్యేకంగా టోనహీ ప్రతాడనా నివారణ చట్టం చెయ్యాల్సి వచ్చిన రాష్ట్రం మన ఛత్తీస్‌గఢ్. కాబట్టి నలుపుకి కారణం గంధకమని ఇంట్లో పిల్లలకి చూపించి చెప్పడం చిన్న పనేమీ కాదు.

నలుపు గురించి గుర్తుంచుకోవలసింది ఇది. అది వెండి మీద వచ్చి కూర్చున్న మురికి కాదు, వెండే అలా మారింది. దాన్ని గీకి తీస్తే నాణెంలోని వెండినే గీకి తీస్తున్నట్టు. చింతపండులోని ఆమ్లం వెండి సల్ఫైడ్‌ని కరిగించలేదు. అది కరిగించేది పైపొరలోని రాగి మలినాలని. మిగతా పనంతా మన బొటనవేలు, విభూతిలోని గరుకు రేణువులు చేసేవే. పళ్ళపొడి, టూత్‌పేస్టు కూడా అంతే, పళ్ళు తోమడానికి పనికివచ్చే గరుకుదనం వాటిలో ఉంటుంది. కంచాలకి, చెంబులకి ఇది ఫరవాలేదు, వాటి మీద చదవాల్సిన అక్షరాలు లేవు కదా. అల్యూమినియం రేకు, వంటసోడా వేసిన వేడినీళ్ళ పద్ధతి సల్ఫైడ్‌ని తిరిగి వెండిగా మారుస్తుంది. అది నిజమైన రసాయన శాస్త్రమే, కానీ నాణెం ఉపరితలం నిగ్గు లేకుండా పాలిపోయినట్టు తయారవుతుంది. గంట కన్నా ముందే తెల్లగా చేసే "డిప్" ద్రావణాలు ఆమ్లంతో పైపొరనే కరిగిస్తాయి. నాణేల సేకర్తలు ఇలాంటి నాణేన్ని ఒక్క చూపులో గుర్తుపట్టి ధర సగానికి దించేస్తారు. నాణేనికి గ్రేడు ఇచ్చే విదేశీ సంస్థలు కూడా "శుభ్రం చేసినది" అని రాసి మామూలు గ్రేడు ఇవ్వడానికి నిరాకరిస్తాయి.

ఇదంతా మన అమాయకత్వమే అనుకోకండి. అమెరికాలో ఫిలడెల్ఫియా టంకశాల దగ్గర దేశపు ఉత్తమ నాణేల ప్రదర్శన ఉండేది. 1903లో ఫారన్ జెర్బ్ అనే నాణేల సేకర్త అక్కడికి వెళ్ళి చూస్తే, వెండి ప్రూఫ్ నాణేల మీద తెల్లని మసక పొర కనిపించింది. విచారిస్తే, సెలవుల్లో గది మూసి ఉన్నప్పుడు ఉత్సాహవంతుడైన ఒక ఉద్యోగి బజారులో లోహాల పాలిష్ కొని నాణేలన్నిటినీ రుద్దాడని తేలింది. అదేమంత పెద్ద విషయం కాదని, తాను పనిచేసిన ఎనిమిదేళ్ళలో మూడు నాలుగుసార్లు అలా తోమారని అక్కడి సంరక్షకుడే చెప్పాడట. మసక తీయడానికి రుద్దడం, రుద్దిన పాలిష్ వల్లే కొత్త మసక రావడం! టంకశాలలోనే ఈ పరిస్థితి ఉంటే మన పూజగది సంగతి చెప్పాలా?

ఈ పనికి శాస్త్రం రావడానికి సమయం పట్టింది. బెర్లిన్ మ్యూజియంలలో 1888లో ఫ్రీడ్రిష్ రాట్‌గెన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడితో ప్రయోగశాల మొదలైంది. మన దేశంలో పురావస్తు శాఖ 1917లో తన రసాయన విభాగాన్ని ప్రారంభించి మహమ్మద్ సనావుల్లాని నియమించింది. మొదటి ప్రపంచయుద్ధంలో సొరంగాల్లో దాచిన వస్తువులు పాడైపోవడం చూసి బ్రిటిష్ మ్యూజియం అలెగ్జాండర్ స్కాట్‌ని పిలిచింది. ఈ శాస్త్రంలో కాలక్రమాన స్థిరపడ్డ నియమం ఒక్క మాటలో చెప్పవచ్చు. వెనక్కి తీసుకోలేని పని చెయ్యకు.

ఇక మసక దగ్గరికి వద్దాం. నలుపులా ఇది వెండి మారినది కాదు. చాలాసార్లు బయటి నుంచి వచ్చి అంటుకున్నదే. అందుకే దీన్ని నాణేనికి హాని లేకుండా తీసే వీలుంది. అయితే ఎక్కడి నుంచి వచ్చిందో ముందు తేల్చుకోవాలి.

మొదటి రకం పూజ మసక. నెయ్యి, నూనె, చందనం, పసుపు, కుంకుమ, అభిషేకం పాలు. రెండో రకం నీళ్ళ మసక. బోరు నీళ్ళు ఆరితే సున్నపు మరక మిగులుతుంది, కుళాయి నీళ్ళలోని క్లోరిన్ వెండితో కలిసి సన్నని పొర కడుతుంది. సబ్బు, కుంకుడుకాయ రసం సరిగ్గా కడగకపోయినా పొర మిగులుతుంది. మూడో రకం పాలిష్ మసక, ఫిలడెల్ఫియాలో జరిగినది.

నాలుగోది, అన్నిటికన్నా ప్రమాదకరమైనది, ప్లాస్టిక్ మసక. మెత్తని పారదర్శకమైన కవర్లు, పాత నాణేల ఆల్బమ్‌ల పేజీలు చాలావరకు పీవీసీతో చేసినవి. పీవీసీ గట్టి పదార్థం. దాన్ని మెత్తబరచడానికి నూనెలాంటి రసాయనాలు కలుపుతారు. కొత్త రెయిన్‌కోటు వాసన ఎవరికి తెలియదు? ఆ రసాయనాలు మెల్లగా బయటికి ఊరి నాణెం మీద జిగట పొరగా చేరతాయి. పీవీసీ పాతబడేకొద్దీ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని కూడా వదులుతుంది. అది నాణెంలోని రాగిని పట్టుకుని ఆకుపచ్చ చిలుము చేస్తుంది. వేడికి, తేమకి ఈ పని వేగం పుంజుకుంటుంది. మే నెల ఎండలో ఇనుప బీరువాలో పీవీసీ కవరు ఉంచడమంటే నాణేన్ని ఉడకబెట్టడమే. 1940 తర్వాతి సగం వెండి రూపాయల్లో రాగి ఎక్కువ కాబట్టి వాటికి ప్రమాదం ఇంకా ఎక్కువ. నిజాం హాలీ సిక్కా చార్మినార్ రూపాయిలో వెండి నూటికి 82 పాళ్ళ లోపే, దానికీ ఈ జాగ్రత్త కావాలి. 1969లో గాంధీ శతజయంతికి విడుదలైన పది రూపాయల వెండి నాణేన్ని అందంగా ఉందని కవర్లో దాచుకున్నవాళ్ళు ఒకసారి తీసి చూసుకోవడం మంచిది.

మీ కవరు పీవీసీయో కాదో తెలుసుకోవడానికి 1872లో బైల్‌స్టీన్ చెప్పిన పరీక్ష ఉంది. రాగి తీగని మంటలో ఎర్రగా కాల్చి, దాంతో కవరు మూలని తాకి, అంటిన కాస్త ప్లాస్టిక్‌తో తీగని మళ్ళీ మంటలో పెట్టండి. మంట పచ్చగా వెలిగితే క్లోరిన్ ఉన్నట్టే, అంటే పీవీసీ కావచ్చు. ఇది ఆరుబయట, గాలి వచ్చేచోట, చిటికెడు ముక్కతోనే చెయ్యాలి, ఆ పొగ మంచిది కాదు. నాణేన్ని పక్కన పెట్టుకోకూడదు.

తీసే పద్ధతి ఇది. ముందు నాణేన్ని అంచులు పట్టుకుని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి కాసేపు ఉంచండి. బ్యాటరీల కోసం అమ్మే డిస్టిల్డ్ వాటర్ చాలు. నీళ్ళకి కరిగే ఉప్పు, పంచదార, పాల మరకలు ఇక్కడే పోతాయి. నాణేన్ని మెత్తని నూలుగుడ్డ మీద పెట్టి అద్ది పూర్తిగా ఆరబెట్టండి, రుద్దకండి. తర్వాత స్వచ్ఛమైన అసిటోన్. ప్రయోగశాల రసాయనాలు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. గోళ్ళరంగు తుడిచే ద్రవం వద్దు, అందులో నూనె, రంగు, అత్తరు కలిపి ఉంటాయి, అవి కొత్త మసకని తెస్తాయి. గాజు గిన్నెలో నాణెం మునిగేలా పోసి, గాజు మూత పెట్టి పది నిమిషాలు ఉంచండి. ప్లాస్టిక్ గిన్నెలు వాడకండి, కొన్ని ప్లాస్టిక్‌లు అసిటోన్‌లో కరిగిపోతాయి. ఆ ద్రవం పారబోసి, కొత్త అసిటోన్‌లో ఇంకోసారి ముంచండి. ఈ రెండో స్నానం మానేస్తే కరిగిన మురికే ఆరి మళ్ళీ పొరగా పడుతుంది. తీసి గుడ్డ మీద పెడితే నిమిషంలో ఆరిపోతుంది. జిగట ఇంకా ఉంటే ఎక్కువసేపు నానబెట్టండి, గోకకండి. అసిటోన్ వెండిని గానీ రాగిని గానీ తినదు. నూనె, నెయ్యి, పీవీసీ జిగట లాంటివాటినే కరిగిస్తుంది. అందుకే ఈ పద్ధతికి పేరు.

ఒక హెచ్చరిక. అసిటోన్‌కి ఇట్టే నిప్పంటుకుంటుంది, దాని ఆవిరి గాలి కన్నా బరువై నేల వెంట పాకుతుంది. కాబట్టి పూజగదిలో దీపం పక్కన, వంటింట్లో స్టవ్ దగ్గర ఈ పని చెయ్యకండి. కిటికీలు తీసిన గదిలో, పిల్లలకి దూరంగా చెయ్యండి. వాడిన ద్రవాన్ని సింకులో పోయకుండా ఆరుబయట మంటలేని చోట ఆవిరి కానివ్వండి.

ఈ స్నానంతో పోనివి ఉంటాయి. నలుపు పోదు, పోవాలని కోరుకోకండి. ఆకుపచ్చ ఆమ్లం వెండిని తినేసిన గుంటలు పూడవు. ఈ రోజుల్లో తయారయ్యే శుద్ధ వెండి నాణేల మీద వచ్చే తెల్లని పాలమచ్చలు కూడా పోవు. అవి తయారీలోనే పడ్డ మరకలు. కెనడా టంకశాల వాటిని ఆపడానికి కొత్త పద్ధతి తెచ్చామని 2018లో ప్రకటించింది, అంటే టంకశాలలకి కూడా అది తలనొప్పే. పోనిదాన్ని పోనివ్వకుండా ఊరుకోవడం కూడా శుభ్రం చెయ్యడంలో భాగమే. తర్వాత నాణేన్ని పాలిప్రొపిలీన్ లేక పాలియెస్టర్ కవర్లో పెట్టి, కాస్త సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో దాచితే చాలు.

ఇంటింటికీ తిరిగి "వెండి, బంగారం పాలిష్ చేస్తాం" అనేవాళ్ళ మోసం గురించి పేపర్లలో చదువుతూనే ఉంటాం. వాళ్ళ గిన్నెలోని ద్రవం ఆమ్లం, మెరుస్తూ మీ చేతికి వచ్చేది బరువు తగ్గిన వస్తువు, తగ్గిన బరువు ఆ గిన్నెలో ఉంటుంది. పాదరసం రుద్ది రాగి నాణేన్ని వెండిలా మెరిపించి మహిమ అని చూపించేవాళ్ళు ఇంకో రకం. ఆ మెరుపు కాసేపటిది, ఆ విషం మాత్రం చేతికీ ఊపిరికీ మిగులుతుంది. దొంగ పాలిష్‌వాడికీ, దొంగ బాబాకీ పెట్టుబడి ఒకటే. మెరుపు చూడగానే మనం తూకం మరిచిపోవడం.

పాత షరాబు మరిచిపోయేవాడు కాదు. నాణెం రంగు చూసి మురిసేవాడు కాదు, త్రాసులో వేసేవాడు. కోశాంబి కూడా అదే త్రాసుతో చరిత్ర రాశాడు. ఈసారి మూట విప్పినప్పుడు ముందు నాణేన్ని వెలుతురులో తిప్పి చూడండి, వీలైతే కంసాలి త్రాసులో తూచి ఆ బరువుని కాగితం మీద రాసి కవరు పక్కన పెట్టండి. మసక అంటుకున్నదైతే అసిటోన్‌తో తీసెయ్యండి. నలుపైతే వదిలెయ్యండి. అది ఎవరి దిష్టీ కాదు, మీ తాత ముత్తాతల ఇళ్ళల్లోని గాలి ఆ వెండి మీద రాసిన రాత.